ఇంగ్లీషు వైపు బ్రాకెట్లో

నాకు అనుమానం ఎక్కువ. నా వెనక ఎవరో అనుకునే మాట కాదిది, నేనే ఒప్పుకుంటున్నాను. పాలవాడు నవ్వితే నీళ్లు కలిపాడేమో అనుకుంటాను, నవ్వకపోతే కలిపేశాడని తేల్చేస్తాను. పుట్టుకతో వచ్చిందో, చేసే పని వల్ల అంటుకుందో చెప్పలేను. ఇరవై రెండేళ్లుగా అంబత్తూరు ఎస్టేట్‌లో ఒక ఆఫీసులో ఇంగ్లీషు దిద్దుతున్నాను. పరాయి దేశాల ప్రొఫెసర్లు రాసిన వ్యాసాలు మా దగ్గరికి వస్తాయి. కామాలు, ఫుల్‌స్టాపులు, బ్రాకెట్లు సరిచేసి తిప్పి పంపుతాం. చుట్టూ ఇనుము కోసే చప్పుడు, గ్రీజు వాసన. మధ్యలో ఒక చల్లటి గదిలో కూర్చుని ఎవరి ఫుల్‌స్టాప్ ఎక్కడ ఉండాలో మేము తగువులాడుకుంటూ ఉంటాం.

నా వాటాకు వచ్చినవి బ్రాకెట్లు. చూడటానికి రెండు వంకర గీతలే కానీ తంటాలన్నీ అక్కడే. వాక్యం మొత్తం బ్రాకెట్లో ఉంటే ఫుల్‌స్టాప్ కూడా లోపలే ఉండాలి. వాక్యం చివర నాలుగు మాటలు మాత్రమే బ్రాకెట్లో ఉంటే ఫుల్‌స్టాప్ బయటికి రావాలి. తెరిచే బ్రాకెట్‌కు ముందు కామా పెట్టకూడదు, కావాలంటే మూసిన తర్వాత పెట్టుకోవచ్చు. గుండ్రటి బ్రాకెట్ రాసినవాడిది. చదరపు బ్రాకెట్ మధ్యలో చెయ్యి పెట్టినవాడిది. ఒకరి మాటల్ని ఎత్తి రాస్తూ మనం ఏదైనా కలిపితే, దాన్ని చదరపు బ్రాకెట్లో పెట్టి, ఇది నా మాట, ఆయనది కాదు అని ఒప్పుకోవాలి. కొత్తగా చేరిన వాళ్లకు ఇదంతా ఒక పూటలో చెప్పేస్తాను. చివర్లో ఇంకో రెండు కలుపుతాను. బ్రాకెట్లో ఉన్నది తీసేసి చదవండి, వాక్యం తన కాళ్ల మీద నిలబడాలి. బ్రాకెట్లో ఏముందో దాన్ని అన్నిటికన్నా ముందు అనుమానించండి, గట్టిగా చెప్పగలిగిన మాటైతే బయటే చెప్పేవాడు. ఈ ఆఖరిది ఏ పుస్తకంలోనూ లేదు, నా సొంతం. దానికి పిల్లలు నవ్వుతారు, నేను నవ్వను.

ఈ తెలివంతా ఇంటికి మోసుకొచ్చి మా చిన్నమ్మ కూతురి పెళ్లి పత్రిక మీద చూపించాను. దాని గురించే ఇప్పుడు చెప్పబోయేది. చెప్పాలంటే సిగ్గుగానే ఉంది.

చిన్నమ్మ మా అమ్మ చెల్లెళ్లలో ఆఖరిది. నాకన్నా పదకొండేళ్లు పెద్దది. కోడంబాక్కం స్టేషన్ అవతల ఒక సందులో రెండు గదుల ఇంట్లో ఉంటుంది. పురసవాక్కంలో ఒక బట్టల షాపుకు జాకెట్లు కుట్టి ఇస్తుంది. చిన్నాయన సినిమా సెట్లకు రంగులు వేసేవాడు. పదహారేళ్ల కిందట అవుట్‌డోర్ షూటింగ్ అని వెళ్లాడు. యూనిట్ మొత్తం తిరిగొచ్చింది, ఆయన రాలేదు. హోసూరులో ఇంకో సంసారం పెట్టాడని ఆరు నెలలకు తెలిసింది. అప్పటికి చిన్నమ్మ కూతురికి పదేళ్లు. మా వాళ్లు నాలుగు తరాలుగా ఈ తమిళుల ఊళ్లోనే ఉన్నారు, పరువు పోయే మాట నోటితో అనరు. "ఆయన బయటూర్లో ఉండాడు" అంటారు. అలా ఆయన పదహారేళ్లుగా బయటూర్లోనే ఉన్నాడు. చిన్నమ్మ మెడలో తాళి, నుదుట బొట్టు ఎక్కడివక్కడే ఉన్నాయి. పేరంటానికి పిలిస్తే వెళ్లేది, పిలవకపోతే కుట్టుకుంటూ కూర్చునేది.

పెళ్లి కుదిరిన రోజు మా మామ ఇంట్లో అందరం కూర్చుని పనులు పంచుకుంటున్నాం. మామ అంటే అమ్మకూ చిన్నమ్మకూ అన్న. ఆయన, అత్త పీటల మీద కూర్చుని కన్యాదానం చేస్తారని తేలింది. అప్పటిదాకా నోరు తెరవని చిన్నమ్మ అప్పుడు అంది.

"కన్యాదానం అన్నా వదినా చేయనీ. ఆయన లేకుండా నేను పీటల మీద కూచోలేను గదా. అయితే పసుపు దంచేటప్పుడు మొదటి పోటు మాత్రం నాదే దా. ఇంకేమీ అడగను నేను."

మా ఇళ్లలో పెళ్లి పనులు పసుపు దంచడంతో మొదలవుతాయి. మంచి రోజు చూసి, రోలుకు పసుపు రాసి, మామిడాకులు కట్టి, ఐదుగురు ముత్తైదువలు రోకలి పడతారు. మొదటి పోటు పెళ్లికూతురి తల్లిది. తల్లి ముత్తైదువ కాకపోతే మేనమామ భార్యది. ఈ రెండో మాట ఆ రోజు ఎవరూ పైకి అనలేదు, అనాల్సిన అవసరం లేదు. మొగుడు ఎంత దూరంలో ఉన్నా, ఎవరితో ఉన్నా, ఉన్నాడంటే చాలు, రోకలి చిన్నమ్మ చేతికి వస్తుంది. లేడంటే ఆమె స్తంభం చాటున నిలబడి చూడాలి. ఇదీ మా న్యాయం. దీన్ని పెట్టినవాడు కనిపిస్తే కడిగిపారేయాలని ఉంటుంది నాకు.

పత్రిక మాటలు రాసే పని నాకు అప్పగించారు. ఒక వైపు తెలుగు, ఒక వైపు ఇంగ్లీషు. పెళ్లికూతురికే తెలుగు చదవడం రాదు, ఇక దాని స్నేహితులకు ఏం వస్తుంది? నేను తెల్ల కాగితం మీద శుభ్రంగా రాసి, ఫోటో తీసి పెట్టుకుని, కాగితం మామ చేతికి ఇచ్చాను. ఆయన పురసవాక్కంలోనే ఒక ప్రింటింగ్ షాపులో ఇచ్చి వచ్చాడు.

శనివారం పొద్దున షాపు వాళ్లు ప్రూఫ్ నా ఫోనుకు పంపారు. తెలుగు వైపు బాగుంది. శ్రీ అని పెట్టి చిన్నాయన పేరు, పక్కన శ్రీమతి అని చిన్నమ్మ పేరు. ఇంగ్లీషు వైపు తిప్పాను. చిన్నాయన పేరుకు ముందు ఒక గుండ్రటి బ్రాకెట్ తెరుచుకుంది. అందులో లేట్ అని ఉంది. బ్రాకెట్ మూసుకుంది.

పోయినవాళ్ల పేరు ముందు ఇలా బ్రాకెట్లో పెట్టడం మన వైపు అలవాటు. నా ఆఫీసులో ఇన్నేళ్లలో ఏ ప్రొఫెసరూ ఇలా రాయగా నేను చూడలేదు. మన దగ్గర మాత్రం ప్రతి పత్రికలో, ప్రతి శిలాఫలకం మీద ఉంటుంది. కాఫీ గ్లాసు కింద పెట్టి మళ్లీ చూశాను. తెలుగు వైపు మనిషి బతికే ఉన్నాడు. ఇంగ్లీషు వైపు పోయాడు.

నేను రాసిన కాగితం ఫోటో తెరిచి పక్కన పెట్టుకున్నాను. అందులో అది లేదు. అంటే నా చేతి నుంచి షాపుకు పోయే దారిలో ఎవరో దీన్ని కలిపారు. ఆయన పోయాడని ఎవరికి తెలుసు? తెలిసినవాళ్లు నోటితో చెప్పకుండా ఇలా బ్రాకెట్లో ఎందుకు దూర్చారు? దీనివల్ల ఎవరికి లాభం? నా బుర్ర ఇలాంటప్పుడు ఎంత జోరుగా పనిచేస్తుందంటే, దోశ మాడుతున్న సంగతి మా ఆయన వచ్చి చెప్పాల్సి వచ్చింది.

షాపుకు నడిచి వెళ్లాను, మా ఇంటికి పది నిమిషాలు. కౌంటర్లో ఉన్న ఆవిడకు చూపించి, ఇది ఎవరు పెట్టమన్నారు అని తమిళంలో అడిగాను. ఆవిడ కళ్లజోడు సవరించుకుని చూసింది. కంపోజింగ్ చేసే ఆయన సెలవులో ఉన్నాడంది, సోమవారం వస్తాడంది. వెళ్లబోతుంటే ఇంకో మాట అంది. "మీ మామగారు ఫోన్ చేసి బ్రాకెట్లో ఏదో పెట్టమన్నారు. అంతవరకే నాకు తెలుసు."

చాలదూ! ఆ మాట నా చెవిలో పడ్డాక సోమవారం దాకా ఆగే ఓపిక నాకెక్కడిది? అక్కడే, షాపు మెట్ల మీద నిలబడి, బంగారం కొనడానికి వచ్చిపోయేవాళ్లు మోచేతులతో తోస్తుంటే, మామకు ఫోన్ చేశాను.

"మామా, షాపు వాళ్లకు ఫోన్ చేసి బ్రాకెట్లో ఏం పెట్టమన్నావు నువ్వు?"

ఆయన నా ప్రశ్ననే తిప్పి నన్ను అడిగాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టే తోచింది నాకు.

"ఏం పెట్టమన్నా? ఆఁ, మండపం డోర్ నంబరు. కొత్త నంబరు వేసి పాతది బ్రాకెట్లో వేయమన్నా. పాత నంబరు లేకపోతే ఈ ఊర్లో ఎవుడు కనుక్కుంటాడు అమ్మీ? ఆటోవాడు తిప్పి తిప్పి చంపుతాడు."

"అంతేనా?"

"అంతే దా. ఇంకేముంటాది?"

"మరి చిన్నాయన పేరు ముందర ఉండేది ఏంది? అత్తకు మొదటి పోటు కావాలంటే నేరుగా అడగొచ్చు గదా మామా. మనిషిని చంపి అడగాల్నా?"

అన్నాను. నోరు జారింది అంటారే, అలా కాదు. తెలిసే అన్నాను, కొంచెం సంతోషంగా కూడా అన్నాను, దొంగను పట్టుకున్నానని. అవతల ఎక్కడో కుక్కర్ విజిల్ వినిపించింది. "ఫోన్ పెట్టు" అన్నాడు మామ. ఆయన నాతో అంత మెల్లగా ఎప్పుడూ మాట్లాడలేదు.

ఆఫీసులో పిల్లలకు నేను రోజూ చెప్పే మాట ఒకటుంది. అనుమానం వస్తే రాసినవాడిని అడగండి, మీ అంతట మీరు తేల్చకండి అని. నేను మటుకు ఆ మధ్యాహ్నమే బస్సెక్కి కోడంబాక్కం పోయాను, చిన్నమ్మకు అన్నా వదినల బండారం బయటపెట్టాలని. కందకు లేని దురద కత్తిపీటకు. కూతురు ఇంట్లో లేదు, చీరలు చూడటానికి స్నేహితురాళ్లతో వెళ్లింది. చిన్నమ్మ మిషన్ దగ్గర కూర్చుని ఎవరి జాకెట్‌కో చేతులు అతుకుతోంది.

"చిన్నమ్మా, ఈడ చూడు" అని ఫోను ఆమె ముందు పెట్టాను. ఆమె ఎనిమిదో క్లాసు దాకా చదివింది, ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదువుతుంది. వేలితో ఆ బ్రాకెట్ మీద తట్టాను.

ఆమె చూసింది. మిషన్ చక్రం మీద చెయ్యి పెట్టి ఆపింది. అరవలేదు, ఇదేంది అని అడగలేదు, పళ్లతో దారం కూడా తెంపలేదు. నా ముఖంలోకి చూసి, గొంతు తగ్గించి, "ఎవురు చెప్పినారు నీకు?" అంది.

నేను తెచ్చిన అనుమానం ఒకటి, నా ముందు లేచి నిలబడింది ఇంకొకటి.

"ఎవరూ చెప్పలేదు చిన్నమ్మా" అన్నాను. "కార్డులో వచ్చింది. నిజమా?"

ఆమె నా మాట వింటున్నట్టు లేదు. "లేదు, ఆ మనిషి చెప్పదు" అని తనలో తాను అనుకుంది. "చెప్పే మనిషి కాదు."

ఏ మనిషి అని అడిగాను. ఆమె లేచి తలుపు దగ్గరగా వేసి వచ్చి, నేల మీద కూర్చుంది. నేనూ కూర్చున్నాను.

"అయిదేండ్లయింది" అంది. "ఆ హోసూరు ఆమె ఫోన్ చేసింది. గుండెపోటు, పోయినాడు, వచ్చి చూసి పోక్కా అనింది. అక్కా అనింది చూడు నన్ను! పాపకు కాలేజీలో పరీక్షలు. షాపులో సరుకు పని ఉండాదని చెప్పి పొద్దున్నే బస్సెక్కినా. పొయ్యి చూసినా. ఆమె ఏడస్తా ఉండాది. ఆమెకు గూడా ఒక పాప. నాకు ఏడుపు రాలే. వచ్చేదంతా పదకొండేండ్ల ముందరే వచ్చేసింది."

"మరి తాళి?" అన్నాను. ఎంత సిగ్గులేని ప్రశ్నో అడిగాక తెలిసింది.

"తీసినా. బస్సులో తిరిగి వచ్చేటప్పుడు తీసి సంచీలో వేసినా. బొట్టు తుడిచేసినా. ఆయనకు ఆ మాత్రం మర్యాద చేసినా. కోయంబేడు బస్టాండులో దిగినాక మళ్లా అన్నీ పెట్టుకోని ఇంటికి వచ్చినా."

"ఎందుకు చిన్నమ్మా?"

"ఎందుకా? నీకు తెలీదా? ఆ పొద్దు చెప్పి ఉంటే అయిదేండ్లుగా నన్ను ఏ పేరంటానికీ పిలవరు. అది పోనీ, చుమ్మా పోనీ. నా బిడ్డ పెండ్లిలో నన్ను మూల కూచోబెడతారు. పదహారేండ్లు ఒంటిగా పెంచినా దాన్ని. ఆ మనిషి బతికి ఉండి చేసింది ఏమీ లేదు. చచ్చి నా చేతిలో రోకలి లాక్కుంటానంటే ఊరుకునేది లేదు నేను."

ఆమె గొంతు పెరగలేదు. జాకెట్ చేతిని ఒడిలో పెట్టుకుని ముడతలు సాపు చేస్తూనే చెప్పింది. పెళ్లయి పిల్ల అత్తారింటికి వెళ్లాక తానే దానికి చెప్తానంది, అందరికీ చెప్తానంది, ఆ రోజు తీసేస్తానంది. "అంతవరకు నువ్వు నోరు తెరవొద్దు. తెరుస్తావా?"

తెరవను అన్నాను. కానీ ఉన్నది చెప్పాలి. నేనూ ఈ ఇళ్లలో పెరిగినదాన్నే. ఇంగ్లీషు దిద్దినంత మాత్రాన లోపల కూర్చున్న భయం పోదు. ఒక్క క్షణం, శుభమా అని పసుపు దంచుతుంటే మొగుడు పోయిన మనిషి చెయ్యి పడొచ్చా అనే ఆలోచన నాకూ వచ్చింది. నా ముఖంలో అది కనిపించి ఉండాలి. చిన్నమ్మ చూపు తిప్పుకుంది. నాకు ఆ చచ్చినవాడి మీద, నా మీద, రోలు మీద, అన్నింటి మీదా ఒళ్లు మండింది.

"ఇప్పుడు కార్డు ఏం చేసేది?" అని అడిగాను.

"తీసేయించు" అంది.

బస్సులో కూర్చుని బ్రాకెట్ తీసేసి చదివాను. వాక్యం బాగానే నిలబడింది, అబద్ధంగా నిలబడింది. ఇరవై రెండేళ్లలో తెలిసి తెలిసి తప్పును సరే అని నేను ఎప్పుడూ పంపలేదు. ఒకసారి ఒక పెద్ద ప్రొఫెసర్ బ్రాకెట్లో తప్పు సంవత్సరం రాస్తే మూడు ఉత్తరాలు రాసి మార్పించాను. ఇక్కడ నిజం బ్రాకెట్లో ఉంటే దాన్ని కొట్టేసే పని నాకు పడింది. అయినా నన్ను తొలిచింది అది కాదు. చిన్నమ్మ అన్న ఆ మాట. ఆ మనిషి చెప్పదు. అంటే ఇంకెవరికో తెలుసు. వాళ్లే కార్డులో పెట్టించారు. ఎవరు? మామకు తెలిస్తే అరిచి ఊరంతా చెప్పేవాడు. హోసూరు ఆమెకు ఈ పత్రిక సంగతే తెలియదు. ఆదివారమంతా ఇంట్లో కాలు కాలిన పిల్లిలా తిరిగాను.

సోమవారం ఆఫీసులో ఉండగా షాపులో కంపోజింగ్ చేసే ఆయన ఫోన్ చేశాడు. పాపం, భయపడుతూ మాట్లాడాడు. వాళ్లు ఏ పత్రికనూ కొత్తగా కంపోజ్ చేయరట. అంతకుముందు చేసిన ఇంకొకరి పత్రిక ఫైలు తెరిచి, దాని మీదే మన పేర్లు కొడతారట, డిజైన్ చెదరకుండా ఉంటుందని. ఆ ముందు పత్రిక ఒక వైపు తమిళం, ఒక వైపు ఇంగ్లీషు, అందులో పెళ్లికూతురి తండ్రి లేడు. తెలుగు వైపు అంతా కొత్తగా కొట్టాడు, ఇంగ్లీషు వైపు పేరు మార్చాడు, పేరు ముందున్న బ్రాకెట్ మరిచిపోయాడు. "మన్నించండి మేడమ్, ఇంట్లో పెద్దవాళ్లు చూసి ఉంటే ఎంత బాధపడేవారో" అన్నాడు. వాళ్ల అలవాటు అదట, ఇలాంటి పొరపాటు ఏడాదికి ఒకటి రెండు సార్లు జరుగుతుందట.

ఎవరూ పెట్టలేదు. మామ పెట్టించలేదు, అత్త పెట్టించలేదు, ఏ శత్రువూ పెట్టించలేదు. ఎవరో ముక్కూ ముఖం తెలియని మనిషి చావు తుడవక మిగిలిపోయి మా చిన్నాయన పేరు ముందుకు వచ్చి కూర్చుంది. దాన్ని పట్టుకుని నేను మామ ముఖాన మాట విసిరాను, చిన్నమ్మ అయిదేళ్లుగా మూసి పెట్టుకున్నదాన్ని లాగి బయట పడేశాను. అనుమానం పెనుభూతం అని ఊరికే అన్నారా! సోమవారం దాకా ఆగి ఉంటే పత్రిక సరిపోయేది, అందరం హాయిగా ఉండేవాళ్లం. సవరించిన ప్రూఫ్ వచ్చింది. సరే అని కొట్టి పంపాను.

మామకు ఫోన్ చేసి, షాపు వాళ్ల తప్పట మామా, నన్ను క్షమించు అన్నాను. "సరి" అని పెట్టేశాడు. అత్తతో మాట్లాడే ధైర్యం నాకు లేదు.

శుక్రవారం పసుపు దంచడం. పాత రోలు మామ ఇంటి వెనక ఉంది, అందుకని అందరం పురసవాక్కంలో కలిశాం. వీధిలో బట్టల షాపుల స్పీకర్లు తగ్గింపు ధరలు అరుస్తున్నాయి. ఇంట్లో మామిడాకులు, పసుపు, కొత్త గాజులు. చిన్నమ్మ పట్టుచీర కట్టుకుని వచ్చింది, అయిదేళ్లలో ఆమె పట్టుచీర కట్టగా నేను చూడలేదు. నన్ను చూసి నవ్వింది. ఆ నవ్వు కళ్లదాకా పోలేదు.

వంటింట్లో అత్త పసుపు కొమ్ములు తుడుస్తూ కూర్చుంది. అత్త తక్కువ మాట్లాడే మనిషి. అందుకే నాకు ఆమె మీద ముప్పై ఏళ్లుగా అనుమానం. మాట్లాడనివాళ్లు లోపల ఏదో లెక్క వేస్తుంటారని నా నమ్మకం. నేను నీళ్ల కోసం లోపలికి వెళ్తే తల ఎత్తకుండానే అంది.

"మొదటి పోటు కోసం మనిషిని చంపినానంట గదా నేను."

"అత్తా, తప్పయిపోయింది. షాపు వాళ్లు పాత ఫైలు మీద కొట్టినారంట..."

"షాపు సంగతి అడగలే. ఆమె చెప్పింది గదా నీకు?"

వెనక్కి తిరిగి గుమ్మం వైపు చూశాను. ఎవరూ లేరు. తల ఊపాను.

"నాకు ఆ పొద్దే తెలుసు" అంది అత్త. "కోయంబేడు నుంచి ఫోన్ చేసింది, వదినా, ఇంటికి పోలేకుండా ఉండా అని. ఆటోలో పరిగెత్తినా. బస్టాండులో బెంచీ మీద కూచోని ఉండాది, బోసి మెడ, బోసి నుదురు. పాప పరీక్ష రాసి ఇంటికి వచ్చే టైము. నా నుదుటి బిళ్ల తీసి ఆమెకు పెట్టినా. సంచీలో ఉండే తాళి నేనే మెడలో వేసినా. పాపం ఉంటే నాకే రానీ అనుకున్నా. మీ మామకు గూడా చెప్పలే."

నేను నిలబడే ఉన్నాను. చేతిలో చెంబు ఉంది, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు. "భయం వేయలేదా అత్తా?" అని అడిగాను.

"వేసింది. ఇప్పుడు గూడా వేస్తా ఉండాది. నాకు మాత్రం మొగుడూ పిల్లలూ లేరా? అట్లని ఆమెను ఆ బెంచీ మీద వదిలి వచ్చేదా?"

కొమ్ములన్నీ పళ్లెంలోకి వేసి లేచింది. పోతూ పోతూ ఆగింది. "అయిదేండ్లు నాకు తెలిసినా ఆమె నిమ్మళంగా ఉండింది. నీకు తెలిసినాక ఈ వారం రోజులు తిండి లే, నిద్ర లే. నువ్వు ఎవురికో చెప్తావని కాదు. నువ్వు చూస్తావని. తప్పు వెతికే కన్ను నీది. అది ఆమెకు తెలుసు, నాకు తెలుసు, నీకు తెలుసో లేదో."

తిట్టి ఉంటే బాగుండేది. కళ్లు తుడుచుకుని ఆమె వెనకే బయటికి వచ్చాను.

రోలు చుట్టూ అందరూ నిలబడ్డారు. పెళ్లికూతురు ఎదురుగా ఫోను పట్టుకుని వీడియో తీస్తోంది. పక్కింటి ఇద్దరు ముత్తైదువలు పాట ఏది పాడాలో తేల్చుకోలేక నవ్వుకుంటున్నారు. అత్త రోకలి తీసి, దానికి కట్టిన పసుపు దారం సరిచేసి, ఒక్క మాటైనా అనకుండా చిన్నమ్మ చేతికి ఇచ్చింది.

చిన్నమ్మ తీసుకుంది. రెండు చేతులతో పట్టుకుని సగం దాకా ఎత్తింది. ఎత్తి ఆగిపోయింది. ఆమె చూపు రోలు మీద లేదు, కూతురి మీద లేదు. అందరినీ దాటుకుని వచ్చి నా మీద ఆగింది. యాభై ఆరేళ్ల మనిషి, తన కూతురి పెళ్లిలో, నా ముఖంలో ఏముందో చూస్తోంది. ప్రూఫ్ చేతికి ఇచ్చి నా టేబుల్ ముందు నిలబడే కొత్త పిల్లల చూపు అది.

"అమ్మా, సీక్కిరం, వీడియో ఓడుదు" అంది పెళ్లికూతురు తమిళంలో, త్వరగా, వీడియో నడుస్తోంది అని తొందరపెడుతూ. పక్కింటావిడ, కన్నతల్లి కదా, దుఃఖం వస్తుంది అంది. ఎవరూ ఇంకేమీ అనుకోలేదు.

నేను ముందుకు వెళ్లాను. ఆమె చేతుల పైన, అదే రోకలి మీద, నా చెయ్యి వేశాను. అందరికీ వినిపించేటట్టు గట్టిగా అన్నాను. "ఏం చూస్తా ఉండావు చిన్నమ్మా? మంచి గడియ పోతా ఉండాది. తల్లివి, నువ్వు కాకపోతే ఇంకెవురు వేస్తారు? వెయ్యి."

చెయ్యి తీసేసి పక్కకు జరిగాను. రోకలి పైకి లేచి దిగింది. కొమ్ము పగిలి పసుపు వాసన గుప్పుమంది. రెండో పోటుకు ఆమె నా వైపు చూడలేదు.